పంటలు బాగున్నాయి

గుణుపురంలో మిషన్ హాస్టల్ వెనకగదిలో
ఇరవై రెండేళ్లు ఉత్తరాలు దాటించాను,
వంశధార మీద పడవవాడు మనుషుల్ని దాటించినట్టు.
కాదు, అంత నిజాయితీగా కాదు.

పిల్ల సవరలో చెప్పేది.
వార్డెనమ్మ దాన్ని ఒడియాలోకి వంచేది.
నేను తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాణ్ణి.
అది డెన్మార్కులో ఇంగెర్ అనే ఆవిడకి చేరేది.
రొట్టెల బట్టీలో పని ఆవిడకి.
ఇంగ్లీషు ఆవిడకీ పరాయిదే,
తప్పుల్లో మేమిద్దరం చుట్టాలం.

పిల్ల పేరు ఒనామి రయితా.
ఫైల్లో రెండు వందల పధ్నాలుగు.
మొదటి ఫోటోలో ఏడేళ్లు, ఎర్ర గౌను.
ఆ గౌనే ఆ పొద్దు పదకొండుమంది తొడిగి విప్పారు.

గోడకి రూల్సు అంటించి ఉండేవి:
చావులు రాయరాదు. అప్పులు రాయరాదు.
ఏదీ అడగరాదు. అడ్రసు ఇవ్వరాదు.
నా చెవి మీద నీలి పెన్సిలు.

నీకే రంగు ఇష్టం, అని ఇంగెర్ అడిగింది.
ఒనామి చాలాసేపు కిటికీలోంచి చూసి
వాన వెలిసాక, పొద్దు వాలకముందు
కొండమీద పసుపుచేను ఉంటుందే, అది, అంది.
ఆకుపచ్చ, అని రాశాను.

ఆవిడ మంచు ఫోటో పంపింది.
మంచుకి మాట దొరక్క వార్డెనమ్మ
ఆకాశం నుంచి ఉప్పు పడుతుందని చెప్పిందట.
అంతంత ఉప్పున్నవాళ్లు మీరు అదృష్టవంతులు,
అంది పిల్ల.
అది మాత్రం కొట్టెయ్యలేదు.

పన్నెండో ఏట వాళ్ల తాత పోయాడు.
మూడ్రోజులు పోడు మీద కూర్చున్నాను,
జొన్నకి పిట్టలొచ్చినా తోలలేదు,
తిననీ అనుకున్నాను, అంది.
నేను రాసింది: క్షేమం. బాగా చదువుతున్నాను.
పంటలు బాగున్నాయి.

కింద బొమ్మకి జాగా వదలాలి, అదీ రూలే.
ఒనామి పిట్టల్ని వేసింది.
బొమ్మని పెన్సిలుతో ఎలా కొట్టను?
మూణ్ణెల్లకి జవాబు: ఇరవై మూడు లెక్కపెట్టాను,
ఇన్ని పిట్టలు తింటే పంటేం మిగిలింది?
ఆ వాక్యం
పిల్లకి చదివి వినిపించలేదు.

పద్దెనిమిది నిండగానే ఫైలు మూశారు.
అచ్చుఫారం కింద ఇంగెర్ చేత్తో రాసింది,
ఇకమీద కూడా ఎలా ఉందని అడగొచ్చా?
అడగకూడదు.
ఫైల్లో పెట్టి తాడు కట్టాను.

మొన్న వానల్లో ఎవరో గేటు తీశారు.
పసుపు సొసైటీలో కాటా వేస్తుందట,
అరచేతి గీతల్లో ఇంకా పసుపు.
మీరు ఒక్కసారి చింపడం మరిచారు మాస్టారూ, అంది.
ఊలు టోపీ చుట్టొచ్చిన కాగితం సంచి,
దాని మీద ఆ బట్టీ పేరు.
తొమ్మిదేళ్లు పెట్టె అడుగున దాచి
ఫోను కొన్న రోజున వెతికిందట.

తెర మీద నా చేతిరాత.
ఇంగెర్ అన్నీ దాచి ఫోటోలు తీయించి పంపింది.
ఒనామి వేళ్లతో పెద్దది చేసి చూపించింది,
పంటలు బాగున్నాయి.
"ఇది నానేనా?"

రూల్సమ్మా, అన్నాను.
చిన్నపిల్లాడు చెప్పింది విన్నట్టు తలూపింది.
లోపల మా ఆవిణ్ణి టీ పెట్టమన్నాను,
టీ అయిపోయినా ఇంకేం చెప్పాలో తెలీలేదు.

ఇప్పుడెవరు రాసిపెడుతున్నారు?
ఎవరూ లేరట.
ఇంగెర్ ముసలివాళ్ల హోములో ఉంది,
ఇంగ్లీషు జారిపోయింది,
చివర నేర్చుకున్నది ముందు పోతుందని
కూతురు చెప్పిందట.
ఆదివారం చర్చి అయ్యాక ఒనామి సవరలో మాట్లాడి పంపుతుంది.
ఆవిడ తన భాషలో మాట్లాడి పంపుతుంది.

ఒకటి నాకు వినిపించింది.
కుర్చీ కిర్రుమంది, దగ్గు, పొడుగాటి మాట,
మధ్యలో "ఒనామి" అని.
వాళ్లమ్మ పిలిచినట్టే పలికింది,
నాకు ఏనాడూ అలా తిరగలేదు నాలిక.

ఏటంటోందమ్మా?

"తెలీదు," అంది, ఫోను చెంగున ముడేస్తూ.
"నాను పిట్టల సంగతి చెప్పినాను.
లెక్కెడతన్నట్టుంది."